షుగర్ సెన్సారా, స్మార్ట్ వాచీయా, పాత స్ట్రిప్పులేనా: ఇంట్లో పెద్దవాళ్లకి ఏది కొనాలి?

పోయిన ఎండాకాలం ఒక రాత్రి రెండు గంటలకి నా ఫోన్ గట్టిగా మోగింది. చిత్తూరులో ఉన్న అమ్మ చేతికి అంటించిన షుగర్ సెన్సార్, ఆమె ఫోన్ ద్వారా తిరుపతిలో ఉన్న నా ఫోన్‌కి పంపిన హెచ్చరిక అది. స్క్రీన్ మీద 58, పక్కన కిందికి చూపిస్తున్న బాణం. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. నాలుగో రింగుకి ఎత్తి, "నాకేమైంది నాయనా, బాగానే ఉండాను" అంది నిద్రమత్తులో. చెమటలు లేవు, వణుకు లేదు, మాట తడబడటం లేదు. "ఒకసారి వేలు పొడిచి చూడమ్మా" అన్నాను. లైటు వేసుకుని, కళ్లద్దాలు వెతుక్కుని, స్ట్రిప్ పెట్టి చూసింది. 112.

వరసగా మూడు రాత్రులు ఇదే. నాలుగో రోజు నేనే చిత్తూరు వెళ్లి అదే గదిలో పడుకుంటే సంగతి తెలిసింది. సెన్సార్ ఎడమ జబ్బ వెనక ఉంది. అమ్మ ఎడమ పక్కకి తిరిగి, బరువంతా ఆ చెయ్యి మీద వేసి పడుకుంటుంది. ఆ ఒత్తిడికి సెన్సార్ చుట్టూ చర్మం కింద ద్రవం కదలిక తగ్గిపోయి గ్లూకోజ్ తక్కువగా కనబడుతుంది. అటు నుంచి ఇటు తిరిగితే కాసేపట్లో అంకె మామూలుకి వచ్చేస్తుంది. తర్వాతి సెన్సార్ కుడి చేతికి పెట్టాం. రాత్రి మోతలు ఆగిపోయాయి.

నేను పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పాఠాలు చెబుతాను. అందుకని మా వీధిలో ఎవరింట్లో షుగర్, బీపీ, గుండెదడ అన్నా "సార్, మా నాయనకి ఏ వాచీ కొనమంటారు?" అని అడుగుతుంటారు. నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే: ఆ అంకె చూసి మీరు ఏం చేస్తారు? తిండి మారుస్తారా, డాక్టరుని అడిగి మందు మోతాదు మార్పిస్తారా, వెంటనే ఆసుపత్రికి పరిగెడతారా? జవాబు ఉంటే ఏది కొనాలో సగం తేలిపోయినట్టే. లేకపోతే ఆ డబ్బు దగ్గర పెట్టుకుని, వేళకి రక్తపరీక్షలు చేయించమంటాను.

షుగర్: వేలు పొడవడమా, చేతికి అంటించడమా

చేతికి పెట్టే సెన్సార్ సోడా మూతంత ఉంటుంది. దాని అడుగున వెంట్రుకలాంటి మెత్తని తీగ ఒకటి 5 మిల్లీమీటర్ల దాకా చర్మం కిందికి వెళ్తుంది. అక్కడ అది తాకేది రక్తం కాదని ముందు తెలుసుకోవాలి. కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ని తీగ మీద పూసిన ఎంజైమ్ గుర్తుపడుతుంది, ఆ చర్యలో పుట్టిన చిన్న కరెంటుని లెక్కగట్టి అంకె చూపిస్తుంది. రక్తంలో వచ్చిన మార్పు ఆ ద్రవంలోకి చేరేసరికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. షుగర్ నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యం ఏమీ అనిపించదు. అన్నం తిన్న అరగంటకో, మెట్లు ఎక్కుతున్నప్పుడో మాత్రం సెన్సార్‌కీ స్ట్రిప్‌కీ తేడా బాగా కనిపిస్తుంది. "రెండూ వేర్వేరుగా చూపిస్తున్నాయి, మిషన్ పాడైంది" అని చాలామంది కంగారు పడేది ఇక్కడే.

ఆలస్యం నిజంగా ఇబ్బంది పెట్టేది షుగర్ డౌన్ అయినప్పుడు. 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు చెంచాల పొడి నీళ్లలో కలిపి తాగితే రక్తంలో షుగర్ లేచిపోతుంది, సెన్సార్ మాత్రం ఇంకా తక్కువే చూపిస్తుంటుంది. భయపడి మళ్లీ మళ్లీ తాగితే గంటకల్లా 250 దాటొచ్చు. అందుకే 15 నిమిషాలు ఆగి వేలు పొడిచి చూడాలి. సెన్సార్ ఉన్న ఇంట్లో కూడా గ్లూకోమీటర్, పాతిక స్ట్రిప్పులు తప్పకుండా ఉండాలనేది అందుకే. పెట్టిన మొదటి రోజు, ఒంటి లక్షణాలకీ అంకెకీ పొత్తు కుదరనప్పుడు, స్ట్రిప్ మాటే నమ్మాలి.

స్ట్రిప్ కూడా తప్పు చెప్పగలదు. మన జిల్లాలో మామిడికాయల కాలంలో ఇది మరీ ముఖ్యం. బేనీషా పండు కోసి, చేతులు గుడ్డకి తుడుచుకుని వేలు పొడిస్తే, వేలికి అంటిన రసం కూడా రక్తంలో కలుస్తుంది. 140 ఉన్నవాళ్లకి 300 చూపించినా ఆశ్చర్యం లేదు. సబ్బుతో కడిగి, బాగా ఆరనిచ్చి చూడండి.

ఇక ఖర్చు. స్ట్రిప్ ఒక్కోటి ఇరవై రూపాయల అటూ ఇటూ. సెన్సార్ ఐదు వేల అటూ ఇటూ, చాలా రకాలు 14 రోజులు పనిచేస్తాయి. ఆగకుండా వాడితే ఏడాదికి 26 కావాలి, అంటే లక్షా ముప్పై వేలు. అందరికీ అంత అవసరం లేదు. నేనిచ్చే సలహా ఇది.

రోజుకి మూడు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, టైప్ 1 ఉన్న పిల్లలు, నిద్రలో షుగర్ డౌన్ అయ్యే పెద్దలు: వీళ్లకి సెన్సారే మేలు, అదీ తక్కువ అయితే దానంతటదే మోగే రకం. ఇక్కడ పొదుపు చెయ్యకండి, కుదిరితే వేరే ఖర్చు తగ్గించుకోండి. మాత్రల మీదే ఉంటూ షుగర్ అదుపులో ఉన్నవాళ్లకి స్ట్రిప్పులూ, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చాలు. మధ్యలో ఇంకొక రకం ఉన్నారు. మాత్రలు వేసుకుంటారు, పొద్దున పరగడుపున 120 ఉంటుంది, హెచ్‌బీఏ1సీ మాత్రం 8.5 వస్తుంది. ఎక్కడ పెరుగుతోందో తెలియదు. వాళ్లు డాక్టరుని కలవబోయే ముందు ఒక్క సెన్సార్ పెట్టుకుంటే ఆ ఐదు వేలకి పూర్తి ఫలితం దక్కుతుంది.

అమ్మ విషయంలో జరిగింది ఇదే. "సంగటే కదా తినేది, షుగర్ ఎందుకు పెరుగుతుంది" అనేది. సెన్సార్ గీత చూస్తే మధ్యాహ్నం సంగటి తిన్న గంటన్నరకి కొండలా లేచింది. మన ఇళ్లల్లో రాగి సంగటిలో బియ్యం కూడా పడుతుంది కదా, అమ్మ చేతిలో అది సగానికి సగం ఉండేది. బియ్యం తగ్గించి, రెండు ముద్దల బదులు ఒకటే తిని, పప్పూ ఆకుకూరా ఎక్కువ పెట్టుకుంటే ఆ కొండ మిట్టంత అయింది. నేను పదేళ్లుగా చెప్పినా విననిది, గీత చూసి రెండు రోజుల్లో మార్చుకుంది. సెన్సార్ మీద నాకు గౌరవం కుదిరింది అప్పుడే.

రిపోర్టులో ముందు చూడాల్సింది 70 నుంచి 180 మధ్య ఎంతసేపు ఉన్నారన్నది. మామూలుగా రోజులో 70 శాతానికి పైగా ఉండాలని, 70 కన్నా కింద 4 శాతానికి మించకూడదని 2019లో అంతర్జాతీయ నిపుణులు ఒక మాట మీదికి వచ్చారు. వయసు బాగా మళ్లినవాళ్లకి, వేరే జబ్బులున్నవాళ్లకి 50 శాతం దాటినా చాలన్నారు, కింద పడకుండా చూడటమే ముఖ్యమన్నారు. డెబ్బై ఐదేళ్ల అమ్మ గీతని ముప్పై ఏళ్ల అబ్బాయి గీతతో పోల్చి టెన్షన్ పడొద్దు.

సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తామనే వాచీలు, ఉంగరాల గురించి గట్టిగా చెప్పాలి: కొనకండి. చర్మాన్ని గుచ్చకుండా తమంతట తాము షుగర్ కొలిచే ఏ వాచీకీ, ఉంగరానికీ అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక జారీ చేసింది. మా బంధువొకాయన ఆన్‌లైన్‌లో అలాంటిది రెండు వేలకి తెప్పించుకుని నాకు చూపించాడు. దాన్ని చుట్టిన తువ్వాలుకి కట్టి మీట నొక్కాను. షుగర్ 104, బీపీ 118/76 అంది. ఆయన ఆ అంకె చూసే మూడు రోజులు ఇన్సులిన్ తగ్గించుకుని ఉన్నాడు. ఆ మాట విన్నాక నాకు చెమటలు పట్టాయి.

గుండెదడ: ఎన్నాళ్లకోసారి వస్తుందన్నదే లెక్క

దడ ఎప్పుడు వస్తుందో అప్పుడు ఈసీజీ తీస్తేనే అది ఏ రకమో తెలుస్తుంది. ఆసుపత్రికి చేరేసరికి తగ్గిపోతుంది, ఈసీజీ నార్మల్ వస్తుంది, "గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంటికి తిరిగి వచ్చేస్తారు. కాబట్టి పరికరాన్ని దడ వచ్చే తీరుని బట్టి ఎంచుకోవాలి.

రోజూ వస్తుంటే 24 లేదా 48 గంటలు ఆగకుండా ఈసీజీ రాసుకునే హోల్టర్ చాలు. నడుముకి పెట్టె, ఛాతీ మీద తీగలు, స్నానం కుదరదు, కానీ రెండు రోజులే. వారానికోసారి వస్తుంటే ఛాతీకి అంటించే ఈసీజీ ప్యాచ్ మంచిది. తీగలు లేకుండా, రకాన్ని బట్టి వారం నుంచి 14 రోజుల దాకా ఆగకుండా రాసుకుంటుంది. చొక్కా కింద కనబడదు, పనికి వెళ్లొచ్చు. నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చేదైతే ప్యాచ్ పెట్టిన రెండు వారాల్లోనూ రాకపోవచ్చు. అలాంటివాళ్లకి ఈసీజీ తీయగలిగే వాచీ పనికొస్తుంది. దడ వచ్చినప్పుడు రెండో చేతి వేలు వాచీ అంచు మీద 30 సెకన్లు పెడితే ఒక లీడ్ ఈసీజీ, అంటే గుండెని ఒక్క కోణం నుంచే చూసేది, రికార్డవుతుంది. దాన్ని దాచుకుని డాక్టరుకి చూపించొచ్చు. ఏడాదికోసారి ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయేవాళ్లు వాచీ కొని ఊరుకోకూడదు. చర్మం కింద అమర్చే రికార్డర్ దాకా అవసరం పడొచ్చు, గుండె డాక్టరు చేతిలో పెట్టాల్సిన విషయం అది.

వాచీలో రెండు వేర్వేరు పనులుంటాయి, జనం వాటిని కలిపేస్తారు. అడుగున మెరిసే ఆకుపచ్చ లైటు రక్తం పొంగు చూసి నాడి లెక్కపెడుతుంది. ఈసీజీ గుండెలో పుట్టే విద్యుత్తుని పట్టుకుంటుంది. పచ్చ లైటు ఉన్న ప్రతి వాచీలో ఈసీజీ ఉండదు. కొనేముందు ఈ ఒక్క సంగతి అడగండి.

పచ్చ లైటు నాడి క్రమం తప్పిందని చెప్పినా కంగారు పడక్కర్లేదు, నిర్లక్ష్యం చెయ్యకూడదు. అమెరికాలో ఆపిల్ వాచీతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 4,19,297 మంది పాల్గొన్నారు. హెచ్చరిక వచ్చింది 0.52 శాతం మందికే. వాళ్లకి తర్వాత ఛాతీ ప్యాచ్‌లు పంపితే, వాడి తిరిగి పంపినవాళ్లలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) కనబడింది. అది వచ్చి పోయే జబ్బు కాబట్టి, ప్యాచ్ పెట్టిన వారంలో కనబడనంత మాత్రాన మిగతావాళ్లకి లేదని కాదు. ఏఎఫ్ బయటపడితే పక్షవాతం రాకుండా రక్తం పలచబడే మందు కావాలో లేదో డాక్టరు తేలుస్తారు. ఆ అంకె చూసి ఏం చేస్తారన్న నా ప్రశ్నకి ఇక్కడ స్పష్టమైన జవాబు ఉంది. అందుకే అరవై ఐదు దాటి, దడ ఉందనే పెద్దవాళ్లకి ఈసీజీ వాచీ కొనమని ధైర్యంగా చెబుతాను.

ఒక్క విషయంలో మాత్రం ఏ వాచీనీ, ఏ ప్యాచ్‌నీ చూడొద్దు. ఛాతీ నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు. ఒక లీడ్ ఈసీజీ గుండెపోటుని పట్టుకోలేదు, "నార్మల్" అని చూపించినా నమ్మకూడదు. 108కి ఫోన్ చేసి, 12 లీడ్‌ల ఈసీజీ తీసే చోటికి వెళ్లిపోవాలి. తిరుపతిలో ఉన్నవాళ్లకి స్విమ్స్, రుయా ఆసుపత్రులు దగ్గర్లోనే ఉన్నాయి. చిత్తూరువాళ్లు "ఎలాగూ వేలూరు పోదాం కదా" అని తెల్లారేదాకా ఆగుతుంటారు. ఆగకండి. ముందు ఊళ్లోనే ఈసీజీ తీయించండి.

బీపీ, ఆక్సిజన్

బీపీకి జబ్బకి పట్టీ చుట్టే మిషన్ కొనండి. ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. పట్టీ లేకుండా వాచీ చూపించే బీపీ, నాడి ఆకారాన్ని బట్టి వేసే అంచనా. వాటిలో ఒక పేరున్న కంపెనీ వాచీని కూడా 28 రోజులకోసారి పట్టీ మిషన్‌తో సరిచూసుకోమంటారు. ఎలాగూ ఆ మిషన్ కావాల్సిందే కదా. యూరోపియన్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023 మార్గదర్శకాలు కూడా పట్టీ లేని పరికరాలతో బీపీ నిర్ధారించవద్దనీ, మందులు మార్చవద్దనీ చెప్పాయి. జబ్బ లావుగా ఉన్నవాళ్లు పెద్ద సైజు పట్టీ అడిగి తీసుకోండి, చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. వారం రోజులు పొద్దున రెండు, సాయంత్రం రెండు చొప్పున రాసి, మొదటి రోజువి వదిలేసి సగటు కట్టండి. ఇంట్లో 135/85 దాటితే డాక్టరుతో మాట్లాడాలి.

ఆక్సిజన్‌కి వాచీకన్నా వేలికి తగిలించే ఆక్సీమీటర్ నయం. ముదురు రంగు నెయిల్ పాలిష్, నల్ల మెహందీ ఉన్న వేలు వద్దు. చర్మం ఛాయ ముదురుగా ఉన్నవాళ్లలో ఈ పరికరాలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కల్లో తేలింది. కాబట్టి ఆయాసం కళ్లకి కనబడుతుంటే, అంకె 95 ఉన్నా వెళ్లి చూపించుకోండి.

మెత్తదనం ఎందుకంత ముఖ్యం

నాకు ఇష్టమైన భాగం ఇది, కాస్త ఓపిక పట్టండి. వాచీ గట్టి వస్తువు, చర్మం మెత్తనిది, సాగుతుంది. చెయ్యి ఊపినప్పుడల్లా రెంటి మధ్య సందు ఏర్పడి, నాడికి బదులు కదలికే అంకెల్లోకి వచ్చేస్తుంది. దీనికి విరుగుడుగా అమెరికా శాస్త్రవేత్త జాన్ రోజర్స్ బృందం 2011లో చర్మంలాగే వంగి, సాగే సర్క్యూట్లు తయారు చేసి సైన్స్ పత్రికలో ప్రచురించింది. కిటుకు చాలా చిన్నది. లోహపు తీగని తిన్నగా కాకుండా పాములా మెలికలు తిప్పి, పల్చటి రబ్బరులాంటి పొర మీద పరుస్తారు. చర్మం సాగితే మెలికలు విచ్చుకుంటాయి, తీగ తెగదు. జడకి కట్టే రబ్బరుబ్యాండు మీద కుట్టిన గుడ్డ ముడతలు విచ్చుకోవడం చూశారు కదా, అదే పద్ధతి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల ఒంటికి తీగలు తగిలించే పని లేకుండా, ఇలాంటి మెత్తని ప్యాచ్‌లతోనే గుండె లయ చూడొచ్చని అదే బృందం 2019లో చూపించింది.

చెమట చూసి షుగర్ చెప్పే పట్టీల గురించి కూడా అడుగుతుంటారు. 2016లో బర్కిలీ పరిశోధకులు చెమటలోని గ్లూకోజ్, లాక్టేట్, సోడియం, పొటాషియం ఒకేసారి కొలిచే చేతిపట్టీ చేశారు. గొప్ప పని. కానీ చెమటలో గ్లూకోజ్ రక్తంలో ఉన్నదాంట్లో దాదాపు నూరో వంతే, పైగా చర్మం మీది మురికి కలుస్తుంది. షుగర్ మందు మార్చుకోవడానికి దాన్ని నమ్మే రోజు ఇంకా రాలేదు.

మన ఎండ, మన కొండ

రోహిణి కార్తెలో తిరుపతి ఎండకి జిగురు నిలవడం కష్టం. అంటించేముందు ఆ చోట సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ రోజు చేతికి కొబ్బరినూనె రాయొద్దు. సెన్సార్ పెట్టె మీద నిల్వ ఉంచాల్సిన వేడి ఎంతో రాసి ఉంటుంది. మధ్యాహ్నమంతా డెలివరీ వ్యాన్‌లో తిరిగి వచ్చే పెట్టెకన్నా, ఏసీ ఉన్న మందులషాపులో కొన్నది నయం. కొన్ని సెన్సార్ల జిగురులోని ఐసోబోర్నైల్ ఆక్రిలేట్ అనే పదార్థం కొందరికి పడదు. అంచుల చుట్టూ ఎర్రగా పొక్కి దురద పెడితే రెండోసారి అదే రకం పెట్టకుండా చర్మం డాక్టరుకి చూపించండి.

తిరుమల కొండకి వెళ్లేవాళ్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. దర్శనం క్యూలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, ముందే డిపాజిట్ చేయాలి. ఫోన్ దగ్గర లేకపోతే షుగర్ డౌన్ అయినా హెచ్చరిక మోగదు. ఫోన్ దగ్గరికి తెచ్చి స్కాన్ చేసే మొదటి తరం లిబ్రే అనే రకం సెన్సార్ ఆఖరి 8 గంటల లెక్కే దాచుకుంటుంది. కంపార్ట్‌మెంట్లలో పన్నెండు గంటలు కూర్చుంటే మొదటి నాలుగు గంటలు చెరిగిపోతాయి. అందుకని ఇన్సులిన్ వేసుకునేవాళ్లు క్యూలో సెన్సార్ లేదనుకునే మెలగాలి. జేబులో గ్లూకోజ్ బిళ్లలు, డాక్టరు చీటీ, పక్కన సంగతి తెలిసిన మనిషి ఉండాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కేవాళ్లకి షుగర్ దారిలోనే పడిపోవచ్చు, కొన్నిసార్లు ఆ రాత్రి నిద్రలో పడిపోతుంది. నడక మొదలుపెట్టే రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ముందే డాక్టరుని అడిగి రాయించుకోండి.

అమ్మ పోయిన నెల శ్రీవారి మెట్టు దారిన ఎక్కుతానని పట్టుబట్టింది. పొద్దున్నే మొదలుపెట్టాం. ప్రతి మూడు వందల మెట్లకీ కూర్చోబెట్టి ఫోన్ సెన్సార్ దగ్గర పెట్టి చూశాను. 168, 151, 127, 109, బాణం కిందికి. అక్కడ ఆపి, రెండు బిస్కెట్లు, సగం అరటిపండు తినిపించి, వేలు పొడిచి చూస్తే 96. పావుగంట కూర్చున్నాం. ఈసారి స్ట్రిప్ 121 చూపించాక, "ఇంక పోదాం పద నాయనా" అని తనే ముందు లేచింది.